ఆటల తీర్పరికి అండ యెవరు?



ఆదివారమునాఁడు ప్రొద్దు వాలువేళకు పాశమైలారము పారిశ్రామికవాడకు మీరు వచ్చినచో రెండు దృశ్యములు కన్పట్టును. ఒక ప్రక్క కర్మాగారముల పొగగొట్టములు, ఎత్తైన గోడలు, బారులు తీర్చిన లారీలు. మఱియొక ప్రక్క, ఆ గోడల నడుమ మిగిలియున్న ఖాళీస్థలములో గుంపులుగాఁ జేరి ఆడుకొనుచున్న పడుచువాండ్రు. క్రికెట్టు కొందఱు, వాలీబాలు కొందఱు, చెడుగుడు కొందఱు. వారిలో ముత్తంగి, ఇస్నాపూరు, రుద్రారము పిల్లలు కలరు. బీహారునుండి, ఒడిస్సానుండి, ఉత్తర ప్రదేశమునుండి పొట్టకూటికై వచ్చినవారును గలరు. ఒకరి భాష మఱియొకరికి సరిగా రాదు. అయినను ఆట చక్కఁగా సాగుచుండును. ఏలయనఁగా, వారందఱకును తెలిసిన భాష యొకటి అచ్చట కలదు. అది ఈల.

ఈల మ్రోఁగినచో పరుగు నిలువవలెను. చేయి పైకెత్తినచో ఔటు. ఆ మాటకు ఊరివాఁడు, వలస వచ్చినవాఁడు అను భేదము లేదు. ఆ యీల పట్టినవానిని మనము అంపైరు అనియు, రిఫరీ అనియు పిలుచుచున్నాము. నేను ఈ ప్రసంగములో వానిని తీర్పరి యనెదను. అట్టి తీర్పరిని ఆటస్థలములో ఎవఁడైనను కొట్టినచో చట్టము వానికి ఏపాటి అండ యిచ్చును? చట్టము అందనిచోట మీవంటి పెద్దలు చేయవలసిన దేమి? ఈ రెండు ప్రశ్నలే నేఁటి నా ప్రసంగ విషయము.

నేను వకీలును కాను. ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుఁడనై పనిచేసి 2019లో పదవి విరమించినవాఁడను. ముప్పదియేండ్లకు పైగా ఈలను మెడలో వ్రేలాడవేసికొని తిరిగితిని. ఆ కాలములో తిట్లు లెక్కలేనన్ని తింటిని. దెబ్బలు మాత్రము రెండే తింటిని. ఆ రెండు దెబ్బలకును జరిగిన న్యాయములో ఎంత వ్యత్యాసమున్నదో మీతో విన్నవించుటకే ఇప్పుడు పూనుకొంటిని.

మొదటి దెబ్బ 2008లో తగిలెను. మండలస్థాయి పాఠశాలల క్రీడలకు విద్యాశాఖవారి ఉత్తరువుపై నేను వాలీబాలు తీర్పరిగా వెళ్లియుంటిని. బంతి గీతకు వెలుపల పడెనని నేను చెప్పిన తీర్పు ఒక బాలుని అన్నకు గిట్టలేదు. అతఁడు లోనికి దూఁకి నా చొక్కా పట్టుకొని చెంపపై కొట్టెను. ఆ సాయంకాలమే ఠాణాలో కేసు కట్టిరి. ఏలయన, నేను ప్రభుత్వోద్యోగిని, ప్రభుత్వపు పనిమీఁద నున్నవాఁడను. ఆ యువకుఁడు తరువాత న్యాయస్థానమునకు తిరుగవలసి వచ్చెను. ఆ యేఁడు మఱి యెవ్వరును తీర్పరి దాపునకు రాలేదు.

రెండవ దెబ్బ 2025 సంక్రాంతినాఁడు తగిలెను. అప్పటికి నేను ఉద్యోగము విరమించి ఆఱేండ్లయినది. పారిశ్రామికవాడ సమీపముననున్న ఒక యూరిలో చెడుగుడు పోటీలు పెట్టి నన్ను పిలిచిరి. ఊరి పేరు చెప్పను. చెప్పుటవలన ప్రయోజనము లేదు. కడపటి యాట ఊరి పిల్లలకును, కర్మాగారములలో పనిచేయు పొరుగు రాష్ట్రముల కుఱ్ఱవాండ్రకును జరిగెను. చివరి నిమిషములో ఊరి కూతగాఁడు కూతకు వెళ్లెను. ఇద్దఱు పట్టుకొనిరి. అతఁడు మిక్కిలి బలశాలి. వారిని ఈడ్చుకొనుచునే వచ్చి మధ్యగీతను వ్రేలితో తాఁకెను. జనమంతయు లేచి కేకలు వేసిరి. కాని వ్రేలు గీతను తాఁకుటకు ముందే వాని కూత తెగినది. నేను వాని ప్రక్కనే వంగియుంటిని. చెవికి స్పష్టముగా తెలిసినది. ఔటని యీల ఊదితిని.

పెద్దలారా, ఇచ్చట ఒక్క సంగతి గమనింపుఁడు. దూరమున నున్నవారికి చేయి గీతను తాఁకుట కనిపించును. కూత తెగుట వినిపించదు. తీర్పరి తప్పు చెప్పెనని జనము నమ్ముటలో వింత లేదు. వారు చూచినది నిజమే. తీర్పరి విన్నది వారు వినలేదు. అందుకొఱకే గదా తీర్పరిని దగ్గఱ నిలుపుట! ఆ సంగతి వివరించుటకు నాకు వ్యవధి లేకపోయెను. వెనుకనుండి ఎవఁడో చెవిపై కొట్టెను. నేను పడిపోయితిని. లేచి చూడఁగా, కొట్టినవాఁడు ఆటగాఁడు కాఁడు. ఆ యూరి పెద్దలలో ఒకరి కుమారుఁడు.

వారము దినములు చెవి మ్రోఁగుచునే యుండెను. ఎముక విఱుగలేదు, రక్తము కారలేదు. ఠాణాకు వెళ్లితిని. అచ్చటివారు మర్యాదగానే కూర్చుండఁబెట్టి, నా మాటలు పుస్తకములో వ్రాసికొని, "సారూ, ఇది మామూలు దెబ్బ కిందికి వస్తది. మేజిస్ట్రేటుగారి ఉత్తరువు లేనిది మేము దర్యాప్తు చేయరాదు" అని చెప్పిరి. 2008లో ఇటువంటి దెబ్బకే నాఁడే కేసు కట్టిరి గదా యని యడిగితిని. "అప్పుడు మీరు సర్కారు మనిషి, సారూ" అనిరి. వారి తప్పు లేదు. చట్టమే అట్లున్నది.

మఱునాఁటి యుదయమున పెద్దలు నలుగురు మా యింటికి వచ్చిరి. శాలువ తెచ్చిరి, పండ్లు తెచ్చిరి. "సారూ, పోరడు తెలువక చేసిండు. కడుపుల పెట్టుకోండ్రి. కేసులు పడితే వాని నౌకరీ పోతది" అనిరి. నేను మెత్తబడితిని. కాగితముపై సంతకము చేసితిని. నాకు కోపము తీరినది. ఊరికి పండుగ నిలిచినది. కుఱ్ఱవానికి చిక్కు తొలఁగినది. అందఱకును మేలే జరిగినదని తలంచితిని.

మేలు జరుగలేదు. నాతోకూడ గీతయొద్ద నిలిచిన నా శిష్యుఁ డొకఁడు, రెండేండ్లుగా తీర్పరి పని నేర్చుకొనుచున్నవాఁడు, నెల దాఁటకముందే వచ్చి నే నిచ్చిన యీలను నా బల్లపై పెట్టెను. "సారూ, మీవంటివారిని కొట్టినా శాలువతో సరిపోయింది. నన్ను కొడితే శాలువ కూడా రాదు" అని వెళ్లిపోయెను. ఆ పొరుగు రాష్ట్రముల కుఱ్ఱవాండ్రు మరల ఆ యూరికి ఆటకు రాలేదు. మఱుసటి సంక్రాంతికి తీర్పరి దొరకక ఆ యూర పోటీలే జరుగలేదు. నేను చేసిన సంతకము నా దెబ్బను మాత్రమే మాన్పినది. దాని వెనుక నున్న రోగమును పెంచినది. ఆ పశ్చాత్తాపమే నన్ను మీయెదుట నిలిపినది.

ఇఁక చట్టము సంగతి విచారింతము. 1860 నాఁటి శిక్షాస్మృతికి బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. ప్రభుత్వోద్యోగి తన పని చేయుచుండఁగా వానిపై దౌర్జన్యము చేసినచో 132వ సెక్షను క్రింద రెండేండ్లవఱకు కారాగారము. గాయపఱచినచో 121వ సెక్షను క్రింద ఐదేండ్లవఱకు. ఆ గాయము తీవ్రమైనదైనచో ఒక యేఁటికి తక్కువ కాకుండ పదేండ్లవఱకు. ప్రభుత్వోద్యోగి యెవఁడో చెప్పు పట్టిక ఆ సంహితలోనే కలదు. అందులో న్యాయమూర్తి కలఁడు, సైనికాధికారి కలఁడు, ప్రభుత్వ వేతనము పుచ్చుకొనువాఁడు కలఁడు. ఆటల తీర్పరి యను మాట ఆ పట్టికలో ఎచ్చటను లేదు.

కావున పాఠశాలల పోటీలలో ఉత్తరువుపై వచ్చిన ఉపాధ్యాయునకు ఆ రక్షణ గలదు. సంక్రాంతి పోటీలలో ఊరివారు పిలువఁగా వచ్చిన విరమించిన ఉపాధ్యాయునకు లేదు. సెలవుదినమున స్నేహితులకొఱకు ఈల పట్టిన కర్మాగారపు కార్మికునకు లేదు. చట్టము ఈలను చూడదు. ఈల పట్టినవాని కొలువును చూచును. వీరు సాధారణ పౌరులకుఁ గల సెక్షనులతోనే సరిపెట్టుకొనవలెను.

ఆ సెక్షనులును తెలిసికొనఁదగినవే. సామాన్యమైన గాయమునకు 115వ సెక్షను: ఒక యేఁడువఱకు కారాగారము, లేక 10,000 రూపాయలవఱకు జరిమానా, లేక రెండును. దీనిలో మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాదు. ఎముక విఱిగినను, పన్ను ఊడినను, కన్ను గాని చెవి గాని శాశ్వతముగా పోయినను, పదునైదు దినములు తీవ్రమైన నొప్పితో తన పనులు చేసికొనలేకపోయినను అది తీవ్రగాయము. దానికి 117వ సెక్షను క్రింద ఏడేండ్లవఱకు శిక్ష. ప్రాణము తీయఁదగిన సాధనముతో గాయపఱచినచో 118వ సెక్షను క్రింద, గాయము చిన్నదైనను మూఁడేండ్లవఱకు శిక్ష పడవచ్చును. క్రికెట్టు వికెట్టు కఱ్ఱను ఆయుధముగాఁ జేసికొన్నవాఁడు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. ఐదుగురు గాని అంతకు మించి గాని గుంపుగాఁ జేరి ఒకే దురుద్దేశముతో పైఁబడినచో, ఆ గుంపులో చేయి చేసికొననివాఁడును చేసికొన్నవానితో సమముగా చిక్కును. "నేను కొట్టలేదు, ఊరక వెంట నుంటిని" అనుమాట అచ్చట చెల్లుట కష్టము.

కర్మాగారపు కార్మికుని సంగతి యింకొకటి కలదు. యంత్రముచెంత చేయి నలిగినచో అది పనిలో తగిలిన గాయము. దానికి చట్టప్రకారము పరిహారము గలదు. అదే చేయి ఆదివారమునాఁడు ఈల ఊదినందుకు విఱిగినచో, ఈ.ఎస్.ఐ. చీటీ యున్నవానికి వైద్యము దొరకును గాని, పనిలో తగిలిన గాయమునకుఁ గల పరిహారము దొరకదు. ఊరివారి వేడుకకు తోడ్పడి చేయి విఱుగఁగొట్టుకొన్నవాఁడు తన కర్మము తాను అనుభవింపవలసినదే.

ప్రత్యేకచట్టము చేయుట మనకు క్రొత్త కాదు. ఆసుపత్రులలో వైద్యులను, నర్సులను కొట్టుట హెచ్చఁగా 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారికొఱకు ఒక చట్టము వచ్చినది. దానిలో మూఁడేండ్లవఱకు కారాగారము విధింపవచ్చును. రోగి చనిపోయినప్పుడు బంధువుల దుఃఖము కోపముగా మాఱును. ఆ కోపము ఎదుటనున్న వైద్యునిపై పడును. కావున వైద్యునికి ప్రత్యేక రక్షణ కావలెనని శాసనకర్తలు తలంచిరి. ఓడిపోయినవాని కోపము ఎదుటనున్న తీర్పరిపై పడుటయు అట్టిదే కాదా? అమెరికాలో ఇరువదికి మించిన రాష్ట్రములలో తీర్పరులకు ప్రత్యేకరక్షణ నిచ్చు శాసనములు గలవు. కాలిఫోర్నియాలో ఆట తీర్పరిని కొట్టినవానికి ఒక యేఁడువఱకు ఖైదు, 2,000 డాలర్లవఱకు జరిమానా. మనదేశములో 2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టము చేసినది. అది క్రీడాసంఘముల నిర్వహణమును, వారి వివాదములకు ఒక ట్రిబ్యునలును గూర్చినది. ఊరిలోని తీర్పరి చెంపదెబ్బ దాని దృష్టికి రాలేదు.

చెంపదెబ్బకు చట్టమెందులకని యెవరైనను అనవచ్చును. చెంపదెబ్బతోనే నిలుచునన్న నమ్మకము లేదు గనుక. 2023 ఏప్రిల్ నెలలో ఒడిస్సాలోని కటకము జిల్లాలో, చౌద్వారు సమీపమున ఒక పల్లెలో క్రికెట్టు ఆట జరుగుచుండెను. తీర్పరి నోబాలు అని చెప్పెను. ఆ మాటపై తగవు పుట్టి, ఇరువదిరెండేండ్ల ఆ యువకుని కత్తితో పొడిచి చంపిరి. ఒక బంతికొఱకు ఒక ప్రాణము! అది దూరదేశము కాదు. ఆ రాష్ట్రపు బిడ్డలు నేఁడు మన పాశమైలారములో మన నడుమనే పనిచేయుచున్నారు.

దూరదేశపు సంగతియు ఒకటి చెప్పెదను. 2012 డిసెంబరులో హాలండు దేశములో ఆల్మెరె పట్టణమున బాలుర ఫుట్‌బాలు ఆట జరిగెను. తన కుమారుఁడు ఆడుచున్నాఁడని ఒక తండ్రి ఉచితముగా గీతయొద్ద జెండా పట్టి నిలిచెను. ఆట ముగిసిన పిమ్మట ఎదుటి జట్టువారు ఆయనను పడఁద్రోసి తన్నిరి; మఱునాఁడు ఆయన మరణించెను. 2013లో న్యాయస్థానము పలువురు బాలురను, వారిలో ఒకని తండ్రిని దోషులుగా నిర్ణయించి, ఆ తండ్రికి ఆఱేండ్ల శిక్ష విధించెను. పెద్దలారా, ఆ గుంపులో ఒక తండ్రి యున్నాఁడని గుర్తుంచుకొనుఁడు. ఆపవలసినవాఁడే కాలెత్తినప్పుడు పిల్లలను ఆపువా రెవరు? 2023 డిసెంబరులో టర్కీలో ఒక ఫుట్‌బాలు సంఘాధ్యక్షుఁడే మైదానములోనికి వచ్చి తీర్పరి ముఖముపై గ్రుద్దెను. వెంటనే ఆ దేశమున లీగు ఆటలన్నియు కొన్ని దినములు నిలిపివేసిరి. ఆ యధ్యక్షుని శాశ్వతముగా బహిష్కరించిరి. న్యాయస్థానము ఖైదుశిక్ష విధించెను. మన దేశములోను 2022 మే నెలలో ఢిల్లీలో జరిగిన కుస్తీ ఎంపిక పోటీలలో తీర్పరిపై చేయి చేసికొన్న మల్లుని సమాఖ్యవారు ఆనాఁడే జీవితకాలము నిషేధించిరి. పెద్ద పోటీలలో తీర్పరి వెనుక ఒక సమాఖ్య నిలుచును. ఊరి పోటీలో వాని వెనుక నిలువవలసినవారు మీరే.

తీర్పరి దేవుఁడా, తప్పు చేయఁడా? చేయును. నేనును చేసితిని. అయితే తప్పును చెప్పుకొనుటకు దారి వేఱు కలదు. 2023 అక్టోబరు 7వ తేదీని చైనాలోని హాంగ్జౌలో ఆసియా క్రీడల చెడుగుడు కడపటి యాట భారతదేశమునకును ఇరానునకును జరిగెను. ఇరుపక్షములకును 28 చొప్పున సమానముగా నుండఁగా, మన నాయకుఁడు పవన్ సెహ్రావత్ చివరి నిమిషపు కూతలో ఎవరిని తాఁకకయే ప్రక్కగీత దాఁటెను. ఇరాను ఆటగాండ్రును వాని వెంట గీత దాఁటిరి. పాత నియమము ప్రకారము ఒక లెక్క, క్రొత్త నియమము ప్రకారము మఱియొక లెక్క. తీర్పు ఒకటికి రెండు మాఱులు మాఱెను. ఆటగాండ్రు నేలపై కూర్చుండిరి. ఆట చాలసేపు నిలిచిపోయెను. పసిఁడి పతకము ప్రక్కన ఊరి సంక్రాంతి కప్పు ఏపాటిది? అంతటి పతకము పోవునో వచ్చునో తెలియని ఆ సమయములో వారు తమ అసమ్మతిని కూర్చుండి తెలిపిరి. చివరకు మనవారు 33–29తో గెలిచిరి. అలుగవచ్చును, అడుగవచ్చును, కాగితముపై వ్రాసి యీయవచ్చును. చేయి యెత్తరాదు.

కావున పోటీలు పెట్టు పెద్దలకు నా మనవి. ఆటకు ముందే కొన్ని పనులు చేయుఁడు. తీర్పరిని నోటిమాటతో గాక కాగితముపై నియమింపుఁడు. తేది, చోటు, పని స్పష్టముగా వ్రాయుఁడు. వీలైనచో విద్యాశాఖవారికి గాని క్రీడాశాఖవారికి గాని ముందుగా దరఖాస్తు పెట్టుకొని, ఉత్తరువుపై వచ్చు ఉపాధ్యాయుని పిలుచుకొనుఁడు. అట్టివానికి చట్టపు అండ అధికము. ఠాణాకు పోటీల తేదీలు ముందే తెలియఁజేయుఁడు. ఆటకు ముందు ఇరుజట్లను నిలిపి నియమములు చదివి వినిపింపుఁడు. ఏ నియమముపై ఆడుచున్నారో అప్పుడే తేలిపోవలెను. జట్టు నాయకుఁడు తప్ప ఎవ్వఁడును తీర్పరితో వాదింపరాదని చాటుఁడు. ఆటస్థలము చుట్టును త్రాడు కట్టించి, ఒక్కొక్క ప్రక్క ఒక్కొక్క పెద్దను కూర్చుండఁబెట్టుఁడు. త్రాడు మనుష్యుని ఆపదు. త్రాటియొద్ద కూర్చున్న తాత ఆపును.

అయినను దెబ్బ పడినదనుకొందము. మొదట తీర్పరిని ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపొండు. గాయము కాగితముపై నెక్కవలెను. పిమ్మట జరిగినది జరిగినట్లు వ్రాసి, చూచినవారి పేర్లు చేర్చి, ఠాణాలో ఇచ్చి, నకలు పుచ్చుకొనుఁడు. ఫోనులలో తీసిన చిత్రములు చెరుపకుండునట్లు చూడుఁడు. సామాన్యగాయమని పోలీసులు మేజిస్ట్రేటువద్దకు పంపినచో అచ్చటికే పొండు. వకీలుకు డబ్బు లేదని జంకవలదు. 1987 నాఁటి న్యాయసేవల చట్టము ప్రకారము పారిశ్రామిక కార్మికులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, తక్కువ ఆదాయము గలవారికి వకీలును ఉచితముగా నిత్తురు. సంగారెడ్డిలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు. పాశమైలారములో ఈల పట్టు కార్మికునకు ఈ సంగతి తప్పక తెలుపుఁడు. మన భాష రాని వానికి మీరే పోయి నోరుగా నిలువుఁడు.

ఇఁక రాజీ సంగతి. రాజీ మన పల్లెల ప్రాణము. నేను దానిని తప్పుపట్టను. సామాన్యగాయము విషయమున దెబ్బ తిన్నవాఁడు రాజీపడవచ్చునని చట్టమే ఒప్పుకొన్నది. తీవ్రగాయమైనచో న్యాయస్థానపు అనుమతి కావలెను. అయితే ఆ హక్కు దెబ్బ తిన్నవానిది. ఊరిది కాదు, కొట్టినవాని తండ్రిది కాదు. మఱునాఁటి యుదయమే శాలువతో వాని గడప నెక్కుట రాజీ కాదు, ఒత్తిడి. "నౌకరీ పోతది" అని కొట్టినవాని భవిష్యత్తు చూపుదుము. ఈల వదలివేసినవాని భవిష్యత్తు ఎవరు చూపెదరు? వానికి కొన్నాళ్లు వ్యవధి యిండు. వాఁడు తనంతట ఒప్పుకొన్నయెడల, ఏ జనము ముందు దెబ్బ పడినదో ఆ జనము ముందే క్షమాపణ చెప్పింపుఁడు. వైద్యపు ఖర్చు ఇప్పింపుఁడు. ఆ యువకుని రెండేండ్లు ఆటకు దూరముగా నుంచుఁడు. ఆ రెండేండ్లును వాఁడే వచ్చి మైదానము ఊడ్చి, సున్నముతో గీతలు గీయవలెను. గీత గీసినవాఁడు గీత విలువ తెలిసికొనును. ఇట్టి పని నాఁడు నేను అడిగియుండవలసినది, అడుగలేదు.

శాసనసభవారికిని మన గ్రామములనుండి ఒక విన్నపము పోవలెను. మన రాజ్యాంగములో క్రీడలును, పోలీసును రాష్ట్రములకు వదలిన విషయములు. కావున ఈ చట్టము హైదరాబాదులోనే చేయవచ్చును. జీతము లేకుండ ఈల పట్టినవాఁడును తీర్పరియే యని అందు స్పష్టముగా నుండవలెను. ఆటలో గాని, ఆట ముగిసి ఇంటికి పోవుదారిలో గాని, తీర్పుకొఱకు వానిని కొట్టినచో పోలీసులు ఎవరి ఉత్తరువుకొఱకును వేచియుండక దర్యాప్తు చేయవలెను. వైద్యపు ఖర్చు కొట్టినవానినుండి రాఁబట్టవలెను. పసివయసువానికి ఖైదు కంటె ఊరిపని శిక్షగా నీయవచ్చును. ఈ నాలుగు మాటలు చాలును. ఊరి సభలో తీర్మానించి మీ శాసనసభ్యునికి వ్రాసి యిండు.

పెద్దలారా, మీలో ననేకులు గట్టు తగవులు, పంపకముల తగవులు తీర్చినవారు. ఒకనికి గిట్టని మాట చెప్పి ఇంటికి సుఖముగా చేరుకొన్నారన్నచో, మీ బలముచేత కాదు. చెప్పినవాని మాటకు ఊరిలో మర్యాద యున్నందువలన. ఈల పట్టిన కుఱ్ఱవాఁడు కోరునది ఆ మర్యాదయే. ఈల బలవంతునకు అక్కఱలేదు. వాఁడు కండతో గెలుచును. ఊరు కాని ఊరిలో, భాష రాని నడుమ, తనవారెవరును లేనివానికే ఈల కావలెను. ఆ సంక్రాంతినాఁడు గెలిచిన ఆ కుఱ్ఱవాండ్రు కప్పు తీసికొనకయే వెళ్లిపోయిరి. అది యిప్పటికిని ఆ యూరి బడిలో ఒక మూల నున్నది.

నా శిష్యుఁడు విడిచిపోయిన యీల నాయొద్దనే యున్నది. దానిని మరల పుచ్చుకొమ్మని వానిని పిలిచితిని. "ఊరి పెద్దలు వచ్చి అడిగితే చూస్తా, సారూ" అన్నాఁడు. పిలువవలసినవారు మీరు. ఇంతటితో సెలవు.